పెంపుడు పిల్లిలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి: ఒక సస్యశాస్త్రజ్ఞుని పరిశీలనలు

వ్యవసాయ పరిశోధనలకు ఉద్దేశించిన ఈ పత్రికలో పెంపుడు పిల్లిని గురించిన వ్యాసం కనిపించడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. పశువు అనగానే మనకు ఆవు, గేదె, గొర్రె, కోడి స్ఫురిస్తాయి. పాలు గానీ, మాంసం గానీ, గుడ్లు గానీ ఇవ్వని జంతువు మన లెక్కలోనికి రాదు. అయితే పిల్లిని మనిషి చెంతకు చేర్చినది వ్యవసాయమే. ధాన్యం నిల్వచేయడం మొదలైన తరువాత ఎలుకలు గాదెలను చేరాయి. ఎలుకల వెంట పిల్లి వచ్చింది. సైప్రస్ ద్వీపంలోని ఒక నవీన శిలాయుగపు గ్రామంలో మనిషి సమాధి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరాన్ని గురించి ఫ్రెంచి పురాతత్త్వవేత్తలు 2004లో ప్రకటించారు. దాని వయస్సు సుమారు 9,500 సంవత్సరాలు. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు లేవు. కనుక తొలి రైతులు విత్తనాలతో పాటు పిల్లిని కూడా పడవ ఎక్కించుకుని వెళ్ళి ఉండాలి.

మా ఇంటి పిల్లి సైతం విత్తన గిడ్డంగి నుంచి వచ్చినదే. పన్నెండు సంవత్సరాల క్రితం పరిశోధనా క్షేత్రంలో, వరి విత్తనపు గోనెసంచుల నడుమ తల్లి వదలివెళ్ళిన కూనను క్షేత్ర సహాయకుడొకరు తువ్వాలులో చుట్టి తీసుకువచ్చాడు. అప్పటి నుంచి అది మా ఇంటిలోనే పెరిగింది. ఇప్పుడు ఎనభై రెండేళ్ళ వయస్సులో ఉన్న మా అమ్మగారికి పగటివేళ తోడు ఆ పిల్లియే. నిరుడు కార్తీక మాసంలో ఆ పిల్లికి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉన్నట్లు బయటపడింది. గడచిన ఎనిమిది నెలలలో చదివి తెలుసుకున్నవి, పశువైద్యులు చెప్పినవి, ఇంటిలో ఆచరించి గమనించినవి ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాను. నేను పశువైద్యుడను కాను. ఇక్కడి మందుల ప్రస్తావనను చికిత్సా సూచనగా భావించరాదని మొదటనే మనవి.

దాహాన్ని కొలవడం

వ్యాధిని మొదట పసిగట్టినది అమ్మ. "దీనికి దాహం పట్టుకుందిరా. పొద్దున నింపిన గిన్నె మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది" అన్నారు. పిల్లి ఎక్కువ నీరు త్రాగడం సామాన్యమైన విషయం కాదు. దాని పూర్వీకులు పశ్చిమ ఆసియా, ఉత్తర ఆఫ్రికా మెట్ట ప్రాంతాలలో తిరిగిన అడవి పిల్లులు. వేటాడిన జంతువు దేహంలోని నీటితోనే అవి చాలావరకు గడుపుకొనేవి. మూత్రాన్ని బాగా చిక్కబరచి నీటిని పొదుపు చేసుకొనేవి. ఆ లక్షణం పెంపుడు పిల్లిలో నేటికీ నిలిచి ఉంది. అటువంటి జంతువు పదేపదే గిన్నె దగ్గరకు పోతున్నదంటే పొదుపు యంత్రాంగం ఎక్కడో దెబ్బతిన్నదని అర్థం చేసుకోవాలి.

ఎంత త్రాగుతున్నదో తెలియకుండా వైద్యుని వద్దకు వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. కొలజాడితో 500 మి.లీ. నీరు కొలిచి గిన్నెలో పోశాము. అదే కొలతగల రెండవ గిన్నెలో అంతే నీరు పోసి, పిల్లికి అందకుండా, గాలి వెలుతురు మాత్రం సమానంగా తగిలే చోట జాలీమూత కింద ఉంచాము. వాతావరణ కేంద్రంలో బాష్పీభవన పాత్ర చేసే పనినే ఈ కంట్రోలు గిన్నె చేస్తుంది. ఇరవై నాలుగు గంటల తరువాత మొదటి గిన్నెలో 120 మి.లీ. మిగిలింది, రెండవ గిన్నెలో 20 మి.లీ. ఆవిరయింది. అంటే పిల్లి త్రాగినది 360 మి.లీ. దాని బరువు 3.4 కిలోలు. కిలో బరువుకు రోజుకు 100 మి.లీ. దాటితే దానిని అతిదాహంగా పరిగణిస్తారు. మా పిల్లి విషయంలో అది 106 మి.లీ.గా తేలింది. రెండు సంవత్సరాల క్రితం టీకా వేయించినప్పుడు బరువు 4.3 కిలోలుగా నమోదయి ఉన్నది. అయిదవ వంతుకు పైగా తగ్గిపోయినదన్నమాట.

ఈ రెండు అంకెలను కాగితం మీద వ్రాసుకుని నగరంలోని పెంపుడు జంతువుల వైద్యశాలకు తీసుకువెళ్ళాము. అక్కడి యువ వైద్యురాలు కాగితం చూసి, "సార్, ముందు ఒక విషయం చెప్పండి. మీ ఇంట్లో గానీ, చుట్టుపక్కల గానీ ఎలుకల మందు పెట్టారా?" అని అడిగారు. సస్యశాస్త్రజ్ఞుని ఎదుట ఆ ప్రశ్న వేయడం ఎంతో సబబు. మనం వరి పొలాలలో సిఫారసు చేసే ఎరలు రెండు: 2 శాతం జింకు ఫాస్ఫైడు, 0.005 శాతం బ్రోమాడియోలోన్. జింకు ఫాస్ఫైడు కడుపులో ఫాస్ఫీన్ వాయువుగా మారి గంటలలో ప్రాణం తీస్తుంది. దానికి విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది, అటువంటి ఎలుక పిల్లికి సులభంగా చిక్కుతుంది. విటమిన్ కె1 సకాలంలో అందితే బ్రోమాడియోలోన్ విషం నుంచి పిల్లిని కాపాడుకోవచ్చు. చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చిపెట్టాలని మన కరపత్రాలలో చివరి వాక్యంగా వ్రాస్తూ ఉంటాము. ఆ వాక్యం మొదటికి రావలసినదని నా అభిప్రాయం.

మా పిల్లి విషయంలో విషప్రయోగపు జాడలు లేవు. మధుమేహం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం కూడా దాహానికి, బరువు తగ్గడానికి కారణాలు కాగలవు కనుక, ఆ పరీక్షలతో పాటు మూత్రపిండాల పరీక్షలు చేశారు.

నివేదికలో నత్రజని, భాస్వరం, పొటాషియం

మరునాడు నివేదిక చేతికి వచ్చినప్పుడు ముప్పై ఏళ్ళుగా చూస్తున్న భూసార పరీక్ష పత్రమే గుర్తుకు వచ్చింది. అందులో ఉన్నవి అవే మూడు మూలకాలు. కాకపోతే భూమిలో లోపంగా ఉండేవి ఇక్కడ ఎక్కువగా ఉన్నాయి. భూమిలో చాలినంత ఉండే పొటాషియం ఇక్కడ లోపించింది.

మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వెలువడే నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. మనం 45 కిలోల బస్తాలలో పొలానికి చేర్చే యూరియా, ఇదీ ఒకటే రసాయనం. దానిని రక్తం నుంచి వడకట్టి బయటకు పంపవలసినది మూత్రపిండాలు. పిల్లి మూత్రపిండం ఒక్కొక్కదానిలో సుమారు రెండు లక్షల నెఫ్రాన్‌లు, అంటే సూక్ష్మమైన వడపోత నాళికలు ఉంటాయి. మనిషికి ఒక్కొక్క మూత్రపిండంలో దాదాపు పది లక్షలు. నశించిన నెఫ్రాన్ మళ్ళీ పుట్టదు. మిగిలినవి దాని పనిని పంచుకుంటాయి. మూడింట రెండు వంతులు నశించేవరకు మూత్రం చిక్కదనంలో గానీ, నాలుగింట మూడు వంతులు నశించేవరకు రక్తపు యూరియా, క్రియాటినిన్‌లలో గానీ స్పష్టమైన తేడా కనిపించదు. దాహం గమనించే నాటికే ఆస్తిలో అధికభాగం ఖర్చయిపోయి ఉంటుంది. పెద్ద వయస్సు పిల్లులలో ఈ వ్యాధి అతి సాధారణం. కనుక ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లికి, అది ఆరోగ్యంగా కనిపిస్తున్నా, ఏడాదికి ఒకసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించాలని పశువైద్యులు చెబుతారు.

మా పిల్లి క్రియాటినిన్ డెసిలీటరుకు 3.2 మి.గ్రా. అంతర్జాతీయ మూత్రపిండ అధ్యయన సంఘం, అంటే ఐరిస్, ఈ వ్యాధిని నాలుగు దశలుగా విభజించింది. పిల్లులలో క్రియాటినిన్ 1.6 లోపు ఉంటే మొదటి దశ, 2.8 వరకు రెండవది, 2.9 నుంచి 5.0 వరకు మూడవది, ఆపైన నాలుగవది. ఈ లెక్కన మాది మూడవ దశ. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ కరిగిపోయిన పిల్లిలో అది ఉండవలసిన దానికంటే తక్కువగా కనిపించి, వ్యాధి తీవ్రతను దాచిపెడుతుంది. అందుకే కండరాలతో సంబంధంలేని ఎస్.డి.ఎం.ఏ. అనే మరొక పరీక్షను జతచేస్తారు. మూత్రపు సాపేక్ష సాంద్రత 1.012గా వచ్చింది, ఆరోగ్యవంతమైన పిల్లిలో ఇది సాధారణంగా 1.035కు పైన ఉంటుంది. మిగిలిన అంకెలు: భాస్వరం 6.8 మి.గ్రా., పొటాషియం లీటరుకు 3.3 మిల్లీ ఈక్వివలెంట్లు, రక్తపోటు 178.

వైద్యురాలు నివేదికను పక్కన పెట్టి, "ఇది నయమయ్యే వ్యాధి కాదు సార్. కానీ మూడవ దశలో ఉన్న పిల్లులు సరైన సంరక్షణతో నెలలు, కొన్ని సంవత్సరాలు కూడా హాయిగా గడుపుతాయి. ఎంతకాలమనేది ఈ ఒక్క రిపోర్టు చూసి చెప్పలేను" అన్నారు. ఇంటికి వచ్చి అమ్మకు ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆమె అడిగినది ఒకటే మాట: "బాధపడుతోందా?" ఆ ప్రశ్నకు సమాధానం ప్రతి వారం వెతుక్కోవలసి వస్తుందని అప్పుడు మాకు తెలియదు.

తేమ శాతం లెక్క

వరి విత్తనాన్ని 13 శాతం తేమకు ఎండబెట్టి నిల్వచేయాలని మనం బోధిస్తాము. పిల్లులకు సంచులలో అమ్మే ఎండు గుళికల మేతలో తేమ 10 శాతానికి మించదు. అంటే గిడ్డంగిలోని విత్తనం కంటే పొడిగా ఉండే ఆహారాన్ని, దేహంలో 70 శాతం వరకు నీరున్న ఎలుకను తిని బ్రతకడానికి పుట్టిన జంతువు ముందు ఉంచుతున్నాము. ఎండు మేత వలననే ఈ వ్యాధి వస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. కానీ వ్యాధి వచ్చిన తరువాత నీటి లెక్క ప్రధానమవుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. మా పిల్లికి రోజుకు సుమారు 45 గ్రాముల పొడి పదార్థం కావాలి. 10 శాతం తేమగల గుళికలలో ఇది 50 గ్రాముల మేత. దానితో లభించే నీరు 5 మి.లీ. అదే పొడి పదార్థాన్ని 80 శాతం తేమగల మెత్తని ఆహారంగా ఇస్తే మేత 225 గ్రాములు. దానితో లభించే నీరు 180 మి.లీ. ఒక్క మార్పుతో, పిల్లిని బలవంతపెట్టకుండా, 175 మి.లీ. నీరు లోపలికి పోతుంది. మెట్ట సేద్యంలో అదనపు తడి పెట్టకుండా నేలలోని తేమను కాపాడడానికి మనం పడే తాపత్రయం తెలిసినవారికి ఈ లాభం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

గిన్నెల విషయం కూడా వ్రాయాలి. వెడల్పయిన, లోతు తక్కువ పింగాణీ గిన్నెలు ఇంటిలో నాలుగుచోట్ల, మేతకు కొంచెం దూరంగా ఉంచాము. రోజుకు రెండుసార్లు నీరు మారుస్తాము. ఎముకలు, ఉప్పు, ఉల్లి లేకుండా చేప ముక్కను ఉడికించిన నీటిని రెండు చెంచాలు కలిపితే ఇష్టంగా త్రాగుతుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక మన వంటల పులుసు దానికి పనికిరాదు. ఉప్పు పట్టించిన ఎండుచేపలు అసలే తగవు. రోహిణి కార్తెలో గిన్నెలను రోజుకు నాలుగుసార్లు మార్చవలసి వచ్చింది.

భాస్వరాన్ని బంధించడం

నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం భాస్వరాన్ని విడిపించే ప్రయత్నంలోనే గడిచింది. ఆమ్ల నేలలలో ఇనుము, అల్యూమినియం, సున్నపు నల్లరేగళ్ళలో కాల్షియం భాస్వరాన్ని పట్టుకుని మొక్కకు అందనీయవు. భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువులని, పశువుల ఎరువులో మాగబెట్టడమని, విత్తనం పక్కనే వేయడమని రైతులకు చెప్పినవన్నీ ఆ బంధం విప్పడానికే. పిల్లి విషయంలో పని తలక్రిందులయింది. చెడిన మూత్రపిండాలు భాస్వరాన్ని బయటకు పంపలేవు. రక్తంలో పేరుకున్న భాస్వరం పారాథైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి ఎముకలలోని కాల్షియాన్ని కరిగిస్తుంది, మిగిలిన నెఫ్రాన్‌ల క్షయాన్ని వేగవంతం చేస్తుంది. దానిని అరికట్టడానికి వైద్యులు వాడేవి అల్యూమినియం హైడ్రాక్సైడు, కాల్షియం కార్బొనేటు, లాంథనం లవణాలు. నేలలో మనకు శత్రువులైన అల్యూమినియం, కాల్షియమే ఇక్కడ ఔషధాలు! ఇవి పేగులోనే, ఆహారంలోని భాస్వరంతో కలిసి, కరగని లవణాలుగా మారి మలంలో పోతాయి. అందుచేత మేతతో కలిపి ఇస్తేనే ప్రయోజనం. ఖాళీ కడుపున ఇస్తే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. మనుషులకు అమ్మే ఆమ్లహర ద్రావణాలలో మెగ్నీషియం వంటివి కూడా కలిసి ఉంటాయి కనుక ఇంటిలోని సీసాను తీసి వాడరాదు.

అయితే మందుకంటే ముందు ఆహారం. మూత్రపిండాల వ్యాధికి ప్రత్యేకించి తయారుచేసిన మేతలో పొడి పదార్థ ప్రాతిపదికన భాస్వరం సుమారు 0.3 నుంచి 0.6 శాతం ఉంటుంది. సాధారణ మేతలలో దాదాపు 1 శాతం లేదా ఆపైన. మాంసకృత్తులు మితంగా, నాణ్యంగా ఉంటాయి. ఈ మేత నిజంగా పనిచేస్తుందా అన్నది పరిశోధకునిగా నాకు కలిగిన మొదటి సందేహం. 2000లో లండన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రత్యేక మేత తిన్న పిల్లుల మధ్యగత జీవితకాలం 633 రోజులు, తిననివి 264 రోజులు. అంకె ఆకర్షణీయమే. కానీ ఆ ప్రయోగంలో కంట్రోలు వర్గం యాదృచ్ఛికంగా ఎంచుకున్నది కాదు. ఆ మేతను పిల్లి ముట్టకపోవడం వల్లనో, యజమాని ఒప్పుకోకపోవడం వల్లనో మిగిలిపోయిన పిల్లులు అవి. ఆకలి మందగించిన పిల్లులే అటు చేరి ఉండవచ్చు. సారవంతమైన మళ్ళన్నీ ఒకే ట్రీట్‌మెంటుకు కేటాయించిన క్షేత్రప్రయోగాన్ని మనం అంగీకరిస్తామా? ఆ లోటును 2006లో అమెరికాలో ప్రచురించిన మరొక ప్రయోగం తీర్చింది. రెండవ, మూడవ దశలలో ఉన్న 45 పిల్లులను యాదృచ్ఛికంగా విభజించి, ఏది ఏ మేతో తెలియనీయకుండా రెండేళ్ళు గమనించారు. సాధారణ మేత తిన్న వర్గంలో 26 శాతం పిల్లులకు రక్తంలో మలినాలు పెరిగే సంక్షోభం వచ్చింది. ప్రత్యేక మేత వర్గంలో ఒక్కదానికీ రాలేదు. ఈ వ్యాధి సంరక్షణలో ఇంత గట్టి రుజువున్న చర్యలు ఎక్కువ లేవు.

రుజువు మనకు తృప్తినిస్తుంది, పిల్లికి కాదు. మొదటి రోజు కొత్త మేతను వాసన చూసి, నేలను ముందుకాలితో గీరి, దానిని పూడ్చిపెడుతున్నట్లు నటించి వెళ్ళిపోయింది. పాత మేతలో పదవ వంతు కలపడంతో మొదలుపెట్టి, పూర్తిగా మార్చడానికి అయిదు వారాలు పట్టింది. ఈ మార్పులో తొందర ప్రమాదకరం. పిల్లి కొన్ని రోజులు వరుసగా తినడం మానివేస్తే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాంతకమవుతుంది. సరైన మేత తినని పిల్లి కంటే ఏదో ఒక మేత తినే పిల్లి మేలు.

ఇంటి ఆహారం సంగతి పలువురు అడుగుతున్నారు. మన ఇళ్ళలో పిల్లికి పెట్టేది పెరుగన్నం, పాలన్నం. పిల్లి మాంసాహారంపైననే ఆధారపడిన జంతువు. టారిన్ అనే పోషకాన్ని తగినంత తయారుచేసుకోలేదు. అది లోపిస్తే చూపు పోతుంది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో తేలింది. పైగా పాలు, పెరుగులో భాస్వరం అధికం. ఎముకలతో కూడిన చేప తలలు, గుడ్డులోని పచ్చసొన కూడా అటువంటివే. ఉడికించిన తెల్లసొనలో మాంసకృత్తులతో పోల్చితే భాస్వరం చాలా తక్కువ. ప్రత్యేక మేత మీద రోజూ ఒక చెంచా తెల్లసొన చిదిమి వేయడానికి వైద్యురాలు అనుమతించారు. పూర్తిగా ఇంటి వంట మీదనే పెంచదలచినవారు పోషకాల లెక్కను పశువైద్యుని చేత వేయించుకోవలసిందే.

పొటాషియం లోపానికి గ్లూకోనేటు రూపంలో మందు ఇచ్చారు. పలుచని మూత్రంతో పాటు పొటాషియం కొట్టుకుపోతుంది. ఇసుక నేలలలో అధిక వర్షానికి పోషకాలు కిందికి జారిపోయినట్లే. లోపం ముదిరితే పిల్లి మెడ నిలపలేక తల వ్రేలాడవేస్తుంది.

సూదులు, మాత్రలు, తగని మందులు

వారానికి రెండుసార్లు రింగర్ లాక్టేటు ద్రావణం 100 మి.లీ. చొప్పున భుజాల నడుమ వదులుగా ఉండే చర్మం కిందికి ఎక్కించమన్నారు. దీనిని ఇంటిలోనే చేయవచ్చు. సీసాను గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచి, నా శ్రీమతి పిల్లిని ఒడిలో పట్టుకుంటే నేను సూది గుచ్చుతాను. చర్మం కింద ఉబ్బెత్తుగా నిలిచిన ద్రావణం కొన్ని గంటలలో ఇంకిపోతుంది. ద్రావణం ఎక్కువయితే గుండె మీద భారం పడుతుంది. అందుకని పిల్లి నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు శ్వాసిస్తున్నదో లెక్కిస్తాము. 30 దాటితే ద్రావణం ఆపి వైద్యశాలకు తెలియజేయాలి.

రక్తపోటు 160 లోపు ఉండాలి. అదుపు తప్పితే పిల్లికి హఠాత్తుగా చూపు పోవచ్చు. దానికి వ్రాసిన మందు ఆమ్లోడిపిన్. మా అమ్మగారు వాడేదీ అదే. "నా మాత్రే దీనికీనా!" అని ఆమె నవ్వారు. ఆమె మాత్ర 5 మి.గ్రా.; పిల్లికి వ్రాసినది 0.625 మి.గ్రా., అంటే ఎనిమిదవ వంతు. రెండు డబ్బాలను వేర్వేరు అలమరలలో పెట్టించాను.

మన ఇళ్ళలో చేతికందే కొన్ని మందులు పిల్లికి మృత్యువుతో సమానం. పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. డైక్లోఫినాక్ ఇచ్చిన పశువుల కళేబరాలను తిని మన రాబందులు మూత్రపిండాలు చెడి కూలిపోయిన సంగతి, 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించిన సంగతి పాఠకులకు తెలిసినవే. ఉద్యానశాఖ మిత్రులకు మరొక మాట: లిలియం పూలు, డే లిల్లీలు పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజులలో నాశనం చేస్తాయి. ఆకు కొరకనక్కరలేదు, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా చాలు. పిల్లి ఉన్న ఇంటికి ఆ పూలగుత్తిని కానుకగా పంపరాదు.

ఎంతవరకు?

"ఒక పిల్లికి ఇంత ఖర్చా, ఇంత శ్రమా?" అని సహాధ్యాపకులొకరు సూటిగానే అడిగారు. ప్రశ్న తప్పు కాదు. మేత, మందులు, పరీక్షలు కలిపి నెలకు కొన్ని వేల రూపాయలు అవుతున్నాయి. ఉత్పాదకత కొలబద్దతో దీనికి సమాధానం లేదు, నేను వెతకలేదు కూడా. అమ్మకు అది పగటి తోడు అని మాత్రం చెప్పాను. నాకు ఎక్కువగా తోచిన లోటు వేరు. 1964లో ఏర్పడిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశువైద్యం కూడా అంతర్భాగంగా ఉండేది. మా విద్యార్థి దశలో ఆ శాఖ వారితో కలిసి చదివాము, తిరిగాము. 2005లో తిరుపతి కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయం వేరుపడిన తరువాత ఆ శాఖకు మేలే జరిగింది గానీ, రెండు విద్యల మధ్య రాకపోకలు తగ్గాయి. భాస్వరం గురించి నేను, వారు ఒకే బల్ల దగ్గర మాట్లాడుకోవడానికి ఒక పిల్లి జబ్బు పడవలసి వచ్చింది.

ఇక ఎనిమిది నెలల నమోదు. రెండవ నెలలో క్రియాటినిన్ 3.0కు దిగింది, ఇప్పుడు 3.4. భాస్వరం 6.8 నుంచి 4.7కు వచ్చింది, మూడవ దశలో లక్ష్యం 5.0 లోపు. పొటాషియం 4.1. రక్తపోటు 150. బరువు ఒక దశలో 3.5 కిలోలకు పెరిగి, వేసవి తరువాత 3.3కు తగ్గింది. ఈ అంకెలలో కొన్ని మన చేతిలో ఉన్నవి, కొన్ని లేనివి. భాస్వరం మాట విన్నది. క్రియాటినిన్ తన దారిన తాను నడుస్తున్నది.

ముగింపు ఎప్పుడు, ఎలా అన్నది ముందుగా మాట్లాడుకోవడం మంచిదని వైద్యురాలు సూచించారు. సంక్షోభం వచ్చిన రాత్రి తీసుకునే నిర్ణయం స్థిమితంగా ఉండదు. నోటిలో పుండ్లు, ఆగని వాంతులు, రెండు రోజులు మేత ముట్టకపోవడం, లేచి నడవలేకపోవడం వంటి గుర్తులను ఆమె వ్రాసి ఇచ్చారు. వాటితో పాటు, ఈ పిల్లి రోజూ ఇష్టపడి చేసే మూడు పనులేమిటో మమ్మల్నే వ్రాయమన్నారు. మేము వ్రాసినవి: ఉదయపుటెండలో కిటికీ అరుగు ఎక్కి కూర్చోవడం, చేప పళ్ళెం చప్పుడుకు పరుగెత్తుకు రావడం, సాయంత్రం అమ్మ పారాయణ వేళ ఆమె ఒడి చేరడం. వీటిలో రెండు ఆగిపోయిన వారం, ద్రావణాలు పెంచమని అడగకుండా, బాధ లేకుండా సాగనంపే ఏర్పాటు చేయమని అడగాలని ముగ్గురం ఒప్పుకున్నాము. అమ్మ కాసేపు ఆలోచించి, "ఆ రోజు నన్ను కూడా తీసుకెళ్ళు" అన్నారు.

ఆ కాగితం నీటి కొలతల పుస్తకంలోనే ఉంది. ఆదివారం బరువు తూచిన తరువాత మూడింటికీ ఎదురుగా గుర్తు పెడతాము. గత రెండు వారాలుగా కిటికీ అరుగు మీదికి ఒక్క గెంతులో ఎక్కలేకపోతున్నది కనుక మధ్యలో ఒక పీట వేశాము. పీట మీదుగా ఎక్కినా ఎక్కినట్లే లెక్క అని అమ్మ తీర్పు. ఈ వారానికి మూడు గుర్తులూ ఉన్నాయి. తదుపరి రక్తపరీక్ష శ్రావణ మాసం రెండవ వారంలో.